మెట్రోకి అయిదే నిమిషాలు!

సినిమాల్లో హీరోకి అద్దె ఇల్లు దొరకడం ఎంత సులువో ఎప్పుడైనా గమనించారా? రైలు దిగుతాడు. చేతిలో ఓ సూట్‌కేసు. కట్ చేస్తే మేడ మీద గది, ఎదురింటి కిటికీలో హీరోయిను! అడ్వాన్సు ఎంత ఇచ్చాడో, నీళ్ళ మోటారు ఎన్నింటికి వేస్తారో, కరెంటు మీటరు విడిగా ఉందో లేదో ఏ దర్శకుడూ చూపించడు. చూపిస్తే ఫుటేజి దండగ కదా!

కాస్తో కూస్తో నిజం చెప్పినవాళ్ళు లేకపోలేదు. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో పెళ్ళికాని ఇద్దరు ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని అబద్ధం చెప్పి ఒకే ఇంట్లో కాపురం ఉండాల్సి వచ్చింది. 1987లో జంధ్యాల గారి ‘అహ నా పెళ్ళంట’లో రాజేంద్రప్రసాద్ పిసినారి కోట శ్రీనివాసరావు ఇంట్లో దిగడానికి తాను అంతకన్నా పిసినారిలా నటించాడు. ‘చిత్రం భళారే విచిత్రం’లో నరేష్ అయితే ఇంకో మెట్టు పైకెక్కి ఏకంగా చీరే కట్టేశాడు! ఇవన్నీ చూసి పడీ పడీ నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మొన్న మూడు నెలలపాటు హైదరాబాద్‌లో ఇల్లు వెతుక్కున్నాక మాత్రం నాకు ఆ సినిమాలు హాస్యచిత్రాల్లా కనిపించడం మానేశాయి. డాక్యుమెంటరీల్లా కనిపిస్తున్నాయి!

అసలు సంగతి చెబుతాను. మూసాపేటలో ఏడేళ్ళుగా నేనుంటున్న ఇంటిని ఓనరుగారు బిల్డరుకి ఇచ్చేశారు. పాతది పడగొట్టి అయిదంతస్తులు లేపుతారట. “రెణ్ణెల్లు టైమిస్తున్నా బాబూ” అన్నారు మర్యాదగానే. సరిగ్గా అప్పుడే తెనాలిలో మా అమ్మకి రెండు మోకాళ్ళూ మొరాయించాయి. ఆపరేషన్ అయింది. వారానికి రెండు రోజులు పంజాగుట్టలో ఓ చోట ఫిజియోథెరపీ చేయించాలి. ఆటో ఎక్కిస్తే గుంట వచ్చినప్పుడల్లా ఆవిడ పెదవి కొరుక్కుంటుంది. అమ్మా అని కూడా అనదు, నేను బాధపడతానని. మెట్రోలో ఆ బాధ లేదు. స్టేషన్లో లిఫ్టు ఉంది, లోపల సీటు ఉంది, కుదుపు లేదు.

నా సంగతి చూస్తే నేను ఫ్రీలాన్సు జర్నలిస్టుని. రాసిన వ్యాసానికి రాసినంత. పొద్దున ఫిలిం ఛాంబర్లో ప్రెస్‌మీటు, మధ్యాహ్నం ఎవరో నటుడి ఇంటర్వ్యూ, రాత్రి ఖైరతాబాద్ వైపు ఏదో ఒక థియేటర్లో షో. బండి నడపడం నాకు రాదు. క్యాబుల్లో తిరిగితే వ్యాసానికొచ్చే డబ్బు సగం రోడ్డు మీదే కరిగిపోతుంది. కాబట్టి నా డిమాండ్లు మూడే మూడు: స్టేషను నడిచిపోయేంత దూరంలో ఉండాలి, కింది వాటా గానీ లిఫ్టు గానీ ఉండాలి, అద్దె నేను కట్టగలిగేలా ఉండాలి. అడిగిన వాళ్ళల్లా “మూడూనా?” అని నవ్వారు!

సినిమావాళ్ళకి రైలు స్టేషను పక్కన కాపురం కొత్త కాదండోయ్. మద్రాసులో మనవాళ్ళ రోజులు ఎలా ఉండేవో పెద్దలు చెప్పగా వినే ఉంటారు. 1931లోనే అక్కడ బీచ్ నుంచి తాంబరం దాకా కరెంటు రైలు పడింది. దాని మీదే మాంబళం, కోడంబాకం స్టేషన్లు. వడపళని స్టూడియోలు అక్కణ్ణుంచి దగ్గర. వేషాల కోసం తెలుగు దేశం నుంచి వెళ్ళిన కుర్రాళ్ళు ఆ లైను పక్కన గదుల్లో నలుగురైదుగురు చొప్పున సర్దుకునేవాళ్ళు. కోడంబాకం రైల్వే గేటు పడిందంటే జనానికి పండగే. ఆగిన కార్లలో ఏ హీరోయిను ఉందోనని తొంగి చూసేవాళ్ళు. 1960లలో వంతెన వచ్చాక ఆ ముచ్చట తీరిపోయింది. ఎందుకు చెబుతున్నానంటే, సినిమా పని రేపు ఉంటుందో ఉండదో తెలియని పని. కబురొచ్చిన అరగంటలో వాలిపోయేవాడికే వేషం. అలాంటివాడికి చిరునామాయే పెట్టుబడి!

హైదరాబాద్‌లో ఆ చిరునామా పేరు కృష్ణానగర్. అమీర్‌పేటలో సారథీ స్టూడియోస్ ముందే ఉంది. పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు చిత్రంగా చెప్పుకునే ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో అక్కణ్ణుంచే వచ్చింది. 1976లో అక్కినేని వారి అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు. వీటన్నిటికీ మధ్యన, కొండ కింద, చవగ్గా గదులు దొరికే చోటు కృష్ణానగర్. అసిస్టెంటు డైరెక్టర్లు, ఫైటర్లు, డాన్సర్లు, లైట్‌మెన్, కాస్ట్యూమర్లు, జూనియర్ ఆర్టిస్టులు అందరూ అక్కడే. తెల్లవారుజామున చౌరస్తాలో నిలబడితే యూనిట్ వ్యాన్లు వచ్చి ఎక్కించుకుపోతాయి. ఒక్కో గదిలో ఎన్ని కథలు పండుకుని ఉంటాయో లెక్కపెట్టడం ఎవరి తరం?

అలాంటి చోటికి మెట్రో వచ్చింది. నగరంలో మొదటి మెట్రో 2017 నవంబరులో నాగోలు నుంచి మియాపూర్‌కి నడిస్తే, అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి 2019 మార్చిలో మొదలైంది. యూసుఫ్‌గూడ, జూబిలీహిల్స్ రోడ్ నంబర్ 5 స్టేషన్లు కృష్ణానగర్‌కి కూతవేటు దూరం. ఇక చెప్పేదేముంది? హైటెక్ సిటీలో పనిచేసే కుర్రాళ్ళకి ఒక్కసారిగా తెలిసిపోయింది, ఇక్కణ్ణుంచి ఆఫీసు కొద్ది స్టేషన్లేనని! నెల తిరిగేసరికి జీతం పడేవాళ్ళు వాళ్ళు. వాళ్ళతో పోటీకి దిగిన మహానుభావుణ్ణి నేను!

మొదటి పాఠం బ్రోకరు దగ్గర నేర్చుకున్నాను. ఇల్లు చూపించే ముందే నెల అద్దె కమిషన్ మాట్లాడుకున్నాడు. “అన్నా, మెట్రోకి అయిదు నిమిషాలే!” అన్నాడు. గడియారం చూసుకుని నడిచాను. పదిహేడు నిమిషాలు పట్టింది. అదేమిటయ్యా అంటే “బండి మీద అన్నా!” అన్నాడు. ఇంకోచోట నిజంగానే అయిదు నిమిషాలు, కానీ మధ్యలో నిటారుగా ఎక్కే సందు. మోకాళ్ళు ఆపరేషనైన మనిషికి అది తిరుమల కొండే. మూడో ఇల్లు స్టేషను ఎదురుగానే, కాకపోతే రోడ్డుకి అవతల. ఆ ట్రాఫిక్‌లో రోడ్డు దాటడం ఫైటుమాస్టరు కూడా డూపు లేకుండా చేయడు! అక్కడొక కిటుకు మాత్రం దొరికింది. స్టేషన్లోకి ఎక్కి, టికెట్ గేట్లకి ఇవతలి నుంచే నడిచి, అవతలి వైపు దిగొచ్చు. టికెట్ అక్కర్లేదు. మీలో ఇల్లు వెతికేవాళ్ళుంటే పగలు ఒకసారి, రాత్రి పది దాటాక ఒకసారి నడిచి చూసుకోండి. పగలు కూరగాయల బళ్ళతో కళకళలాడే సందు రాత్రికి కుక్కల రాజ్యం కావచ్చు. వీధిదీపం వెలిగేదీ లేనిదీ పగలు తెలియదు.

దూరం కుదిరిన చోట ఇంటర్వ్యూ కుదరలేదు. ఇల్లు చూపించేముందు ఓనర్లు వేసే ప్రశ్నల ముందు సివిల్ సర్వీసుల ఇంటర్వ్యూ ఏపాటి!

“ఏం పని జేస్తరు?” అని అడిగారు ఓ పెద్దాయన.

“ఫ్రీలాన్సు జర్నలిస్టునండీ.”

“ఫ్రీ అంటే... జీతం ఇయ్యరా?”

“రాసినదానికి ఇస్తారండీ. సినిమాల గురించి రాస్తాను.”

ఆయన ముఖంలో లైట్లు ఆరిపోయాయి. “సినిమావాళ్ళకు ఇయ్యం బాబూ. ఏమనుకోకు.” నేను సినిమావాణ్ణి కాదు, సినిమా చూసేవాణ్ణి మహాప్రభో అని చెప్పేలోపల గేటు పడింది, కోడంబాకం గేటులా!

ఇంకో ఇంట్లో “ఫ్యామిలీ ఉందా?” అన్నారు. “ఉందండీ, అమ్మ.” “అమ్మ ఫ్యామిలీ కాదు కదండీ, ఫ్యామిలీ అంటే వైఫ్” అని సవరించారు ఆ ఇల్లాలు. కన్నతల్లి ఫ్యామిలీ కిందికి రాదన్న సంగతి నాకు ముప్పయ్యారో ఏట తెలిసింది. ఫోన్లో ఈ మాట చెబితే అమ్మ చాలాసేపు నవ్వింది. తర్వాత కొంచెం ఆగి, “పోనీ నేను తెనాల్లోనే ఉండిపోతాలేరా” అంది. నవ్వులో ఉన్నప్పుడే అంటే నేను పట్టించుకోనని అనుకుంది పాపం.

మరో చోట జీతం స్లిప్పు అడిగారు. ఇంకో చోట మాంసం వండకూడదన్నారు, ఒప్పుకున్నాను. రాత్రి పదింటికి గేటు తాళమన్నారు, అక్కడ ఆగిపోయాను. రెండో ఆట సినిమా చూసి రివ్యూ రాసేవాడికి పదింటికి గేటు వేస్తే ఎలా? అడ్వాన్సు ఒకరు రెండు నెలలంటే ఒకరు అయిదు నెలలన్నారు. ఇళ్ళకి అడ్వాన్సు రెండు నెలలకి మించకూడదని 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఉంది. కానీ అది రాష్ట్రాలు తమ చట్టంగా తెచ్చుకుంటేనే చెల్లుతుంది. ఆ ముక్క ఓ ఓనరు దగ్గర అన్నాను. “చట్టం దగ్గరికే పోయి అద్దెకుండు” అన్నాడాయన! డైలాగు బాగుందని నోట్ చేసుకున్నాను. ఏ రచయితకైనా పనికొస్తుంది.

అన్నట్టు, అగ్రిమెంటు ఎక్కడైనా పదకొండు నెలలకే రాస్తారెందుకో తెలుసా? ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని రిజిస్ట్రేషన్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి ఒక నెల కోసేస్తారు. మనకి మాత్రం పదకొండో నెల వచ్చిందంటే గుండెల్లో క్లైమాక్సు మ్యూజిక్ మొదలవుతుంది.

ఇల్లు ఇస్తామన్నవాళ్ళు ఒక్కరు దొరికారు. స్టేషనుకి నిజంగా నాలుగు నిమిషాలు. సినిమా అన్నా పర్వాలేదన్నారు, పెళ్ళి కాలేదన్నా పర్వాలేదన్నారు. కాకపోతే అది నాలుగో అంతస్తు పైన డాబా మీద రేకుల గది. లిఫ్టు లేదు. బోర్డు మీద మాత్రం ‘పెంట్‌హౌస్’ అని రాసుంది! నేనొక్కణ్ణే అయితే ఆ సాయంత్రమే సామాను దింపేసేవాణ్ణి. మెట్లు లెక్కపెట్టాను, డెబ్బయి నాలుగు. ఆ మెట్ల మీద మా అమ్మని ఊహించుకుని, అడ్వాన్సు జేబులోనే ఉంచుకుని దిగొచ్చాను. గడువు ఇంకా పన్నెండు రోజులు.

దొరికిన ఇల్లు బ్రోకరు చూపించింది కాదు. యూసుఫ్‌గూడ వెనక సందులో ఇస్త్రీ బండి అతన్ని ఊరికే అడిగితే, “ఆ పచ్చ గేటు అమ్మ దగ్గర కింది వాటా ఖాళీ అవుతుంది సార్” అన్నాడు. తెలుగు సినిమా ఇటు వచ్చేస్తున్న రోజుల్లో మద్రాసు నుంచి తనూ వచ్చేసిన జూనియర్ ఆర్టిస్టు ఆవిడ. ఇప్పుడు డెబ్బయి దాటాయి. పెళ్ళిపందిట్లో అక్షింతలు వేసే ముత్తయిదువగా, కోర్టు సీనులో బెంచీ మీద కూచున్న ఆడమనిషిగా మీరు ఆవిణ్ణి వందసార్లు చూసుంటారు. చూసినట్టు మీకు తెలియదంతే.

“నన్ను కూడా తిట్టి రాస్తావా బాబూ?” అన్నది మొదటి ప్రశ్న. జీతం అడగలేదు, పెళ్ళి అడగలేదు. అమ్మ మోకాళ్ళ గురించి మాత్రం వివరంగా అడిగింది. గుమ్మానికి ఒక్కటే మెట్టు ఉందని చూపించింది. స్టేషనుకి తొమ్మిది నిమిషాలు, నేను నడిచి చూసిన లెక్క. నాకు ప్రాణం లేచొచ్చింది.

“అద్దె పదహారు వేలు” అంది అప్పుడు.

గొంతులో ఏదో అడ్డం పడింది. ఇంతకు ముందున్నవాళ్ళు ఎంతిచ్చేవారండీ అన్నాను. ఆవిడ దాచుకోలేదు. “పదకొండు. కాస్ట్యూమ్ అసిస్టెంటు కుర్రాడు, పెళ్ళాం, ఓ పిల్ల. ఆరేళ్ళున్నారు. పక్కింటివాళ్ళు పద్దెనిమిది తీసుకుంటున్నారు బాబూ. నాకు పెన్షన్ ఎవడిస్తాడు? అద్దే నా పెన్షన్.” దానికి నా దగ్గర జవాబేముంది? మెట్రో వచ్చింది ఆవిడ వల్లా కాదు, నా వల్లా కాదు. అడ్వాన్సు రెండు నెలలది ఇచ్చి సంతకం పెట్టాను.

ఆ కుర్రాడు ఇస్త్రీ పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు కలిశాడు. మనిషిలో కోపం లేదు. మియాపూర్ దాటి బీరంగూడ వైపు వెళ్ళిపోయారట. అక్కడ అద్దె అందుబాటులో ఉందిట. “షేర్ ఆటోలో మియాపూర్ వచ్చి, మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారతా సార్” అన్నాడు. మంచిదే కదా అన్నాను. అప్పుడు చెప్పాడు అసలు చిక్కు. యూనిట్ వ్యాను కృష్ణానగర్లో అయిదింటికే కదులుతుంది. హీరో వచ్చేలోగా బట్టలు ఇస్త్రీ అయ్యుండాలి కదా! మొదటి మెట్రో ఆరింటికి గానీ కదలదు. రాత్రి ప్యాకప్ ఏ పన్నెండింటికో అయితే చివరి బండి వెళ్ళిపోయుంటుంది. స్టేషను వచ్చి అద్దె పెంచింది ఎవరికో వాళ్ళ టైముకి ఆ రైలు నడవదు! పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకి వెళ్ళేవాడికే అది సరిగ్గా సరిపోతుంది. నాకూ సరిపోతుంది.

సినిమా కార్మికులకి సొంత కాలనీ లేదా అంటారేమో, ఉంది. డాక్టర్ ప్రభాకర్ రెడ్డి పేరు మీద మణికొండ వైపు చిత్రపురి కాలనీ. అక్కడ ఇల్లున్నవాళ్ళు అదృష్టవంతులు. ఆ కాలనీకి మెట్రో లేదు. సినిమావాళ్ళ ఇళ్ళున్న చోట రైలు లేదు, రైలు వచ్చిన చోట సినిమావాళ్ళు నిలవలేకపోతున్నారు. టికెట్ మాటకొస్తే మొదట్లో 10 నుంచి 60 రూపాయలుండేది, 2025 మే నెలలో పెంచారు. రోజు బేటా మీద బతికేవాడికి ఆ పెంపు, షేర్ ఆటో కలిపి ఎంతవుతుందో లెక్క వేసుకోండి. తెర మీద పేర్లు పడేటప్పుడు లేచి వెళ్ళిపోతుంటాం కదా, ఆ పేర్లవాళ్ళ సంగతే ఇది.

ఇప్పుడు అమ్మ వచ్చేసింది. మంగళ, శుక్రవారాలు పంజాగుట్ట వెళ్ళొస్తున్నాం. స్టేషను లిఫ్టు తలుపు మూసుకునేటప్పుడు మాత్రం ఇంకా నా చొక్కా పట్టుకుంటుంది. మధ్యాహ్నాలు ఓనరమ్మా తనూ వదినా వదినా అనుకుంటూ టీవీలో పాత సినిమాలు చూస్తారు. “అదిగో, మూడో వరసలో నేనే!” అని ఆవిడ లేచేలోపల షాటు మారిపోతుంది. అమ్మ మాత్రం చూశానంటుంది. చూసిందో లేదో దేవుడికే తెలియాలి.

ఓనరమ్మ ఇంకో పని చేసింది. మెట్ల కింద సామాన్ల గది ఖాళీ చేయించి, తెల్లవారుజాము షూటింగ్ ఉన్న రోజుల్లో ముందురాత్రే వచ్చి పడుకోమని ఆ కుర్రాడికి తాళంచెవి ఇచ్చింది. దానికి అద్దె లేదు, కరెంటుకి మాత్రం నెలకి రెండొందలు! నాలుగున్నరకి అతను లేచిన చప్పుడుకి అమ్మ కూడా లేస్తుంది. మోకాళ్ళ వ్యాయామం ఎలాగూ అప్పుడే. కాఫీ ఇస్తే నిలబడే తాగేసి వ్యాను కోసం పరిగెడతాడు.

మా అగ్రిమెంటుకి మార్చిలో పదకొండు నెలలు నిండుతాయి. వెయ్యి పెంచాలని ఓనరమ్మ ఇప్పుడే అంటోంది. అయిదొందలకి ఒప్పించమని అమ్మకి అప్పజెప్పాను. మధ్యాహ్నం సినిమా అయ్యాక అడుగుతానంది.